గొలుసుకట్టు నగరాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో నాలుగు, ఒకరినొకరు ఎరుగని నలుగురు రాసినవే అయినా, ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పాత కాలపు నగరాలను కట్టించి, వాటి మధ్య సరుకులు నడిపించే కంప్యూటర్ గేమ్‌లు మనుషులను అంతగా ఎందుకు పట్టి ఉంచుతాయన్నదే ఆ విషయం. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా మనుమడు సెలవులకు వచ్చినప్పుడు రోమన్ల కాలపు నగరాన్ని కట్టే పాత గేమ్ ఒకటి ఆడుతూ అర్ధరాత్రి దాకా మేలుకొని ఉండేవాడు. అందులో తుపాకులు లేవు, పరుగు పందేలు లేవు. అంగడి ఆమె బుట్ట పట్టుకొని వీధిలో తిరిగితేనే ఇళ్లకు తిండి అందుతుంది. "ఏముందిరా ఇందులో?" అని అడిగితే, "తాతా, ఒక్కసారి నువ్వే కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. వాడు కాలేజీకి వెళ్లిపోయిన తరువాత కూడా నేను రోజూ సాయంత్రం ఆడుతున్నాను. ఈ వయసులో నన్ను ఇంతగా పట్టుకున్నది ఏమిటో చెప్పగలరా? (ఒక పాఠకుడు, పరకాల)

జవాబు: అయ్యా, మీ వర్ణనను బట్టి మీరు ఆడుతున్నది 1998లో ఇంప్రెషన్స్ గేమ్స్ సంస్థ తయారుచేసిన సీజర్ 3 అయి ఉంటుంది. నగరాన్ని కట్టడమే ఒక ఆటగా నిలబడగలదని అంతకు ముందే, 1989లో, విల్ రైట్ రూపొందించిన సిమ్‌సిటీ నిరూపించింది. అయితే అందులో నగరం పైనుండి చూసిన పటంలాగా ఉంటుంది, మనుషులు జనాభా లెక్కలో అంకెలుగా మాత్రమే ఉంటారు. సీజర్ 3 ఆ లెక్కలను మనుషులుగా మార్చి వీధిలోకి దింపింది. గాదెలో ధాన్యం నిండుగా ఉన్నంత మాత్రాన అది ఇంటికి చేరదు. అంగడి నుండి ఒకామె వెళ్లి దానిని తెచ్చుకోవాలి, మరొకామె దానిని వీధి వెంట తిప్పాలి, ఆమె ఏ కూడలి దగ్గర ఎటు మళ్లుతుందో మన చేతిలో ఉండదు. నిప్పు అంటుకోకుండా కాపలా తిరిగేవాడు, గోడలు కూలకుండా చూసుకునే ఇంజనీరు, పూజారి, వైద్యుడు, అందరూ అలా నడిచి వచ్చేవారే.

ఇళ్ల సంగతి మీరు గమనించే ఉంటారు. మొదట అన్నీ గుడారాలే. దగ్గరలో బావి ఉంటే గుడారం ఒక మెట్టు ఎక్కుతుంది, అంగడి తిండి అందితే మరొక మెట్టు, గుడి అందుబాటులోకి వస్తే ఇంకొకటి, ఆ పైన ఫౌంటెన్ నీరు, ఆ తరువాత మట్టి పాత్రలు. నూనె, కలప సామాను, ద్రాక్షసారా వరకు అన్నీ సమకూరితే ఆ గుడారం ఉన్న జాగాలోనే మేడ లేస్తుంది. వీటిలో ఏ ఒక్కటి ఆగినా అదే ఇల్లు మళ్లీ మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. అందుకని ఆడే మనిషి కట్టిన దాని కంటే, నిలబెట్టుకోవలసిన దాని గురించే ఎక్కువగా ఆలోచిస్తాడు.

మిమ్మల్ని పట్టుకున్నది ఇక్కడే ఉందని నా నమ్మకం. ఒక వీధిలో ఇళ్లు దిగజారుతున్నాయని అనుకుందాం. చూస్తే పాత్రలు అందడం లేదు. అంగడికి వెళ్తే అక్కడ సరుకు లేదు, కుమ్మరి కొట్టానికి వెళ్తే అక్కడ మట్టి లేదు, మట్టి తవ్వే చోటికి వెళ్తే అక్కడ పనివాళ్లు లేరు. పనివాళ్లు ఎందుకు లేరంటే, ఆ పక్కనే ఉన్న నాలుగు గుడిసెలు కొన్నాళ్ల కింద కాలిపోయాయి, మనం గమనించలేదు. ఊరికి ఒక చివర కనిపించిన కష్టానికి కారణం మరొక చివర, అదీ చాలా రోజుల వెనుక ఉంది. ఆ కారణాన్ని నడుచుకుంటూ వెళ్లి పట్టుకొని, కాపలావాడి ఠాణాను ఒకదానిని అక్కడ నిలబెట్టి, వీధి మొత్తం మెల్లగా తేరుకోవడం చూస్తుంటే కలిగే తృప్తి, శత్రువును కొట్టి గెలిచినప్పుడు కలిగే సంతోషం కంటే చాలా భిన్నమైనది, నా దృష్టిలో చాలా లోతైనది.

మీరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు చేసిన పని ఇదే కదా. మన గొలుసుకట్టు చెరువులలో పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితేనే కింది చెరువుకు నీళ్లు. కింది ఊరి ఆయకట్టు ఎండిందని రైతులు వచ్చినప్పుడు ఆ ఊరి తూము దగ్గర నిలబడి చూస్తే ఏమీ తెలియదు. మూడు ఊళ్ల పైన పూడుకుపోయిన కాలువ దగ్గరికో, ఎవరో కట్ట తెంపిన చోటికో నడిచి వెళ్లాలి. చెరువు నీళ్లు పంచే నీరటి చెప్పే మాట వినాలి. అన్ని ఏళ్లు కట్టల మీద నడిచిన మనిషికి సీజర్ 3లోని వీధులు పరాయివిగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. మీ మనుమడు దీనిని ఇప్పుడు స్క్రీను మీద నేర్చుకుంటున్నాడు, మీరు నేల మీద నేర్చుకొని వచ్చారు. వాడు ఈసారి వచ్చినప్పుడు వాడి నగరంలో ఇల్లు ఎందుకు దిగజారిందో మీరు ముందుగా కనిపెట్టగలరేమో చూడండి.

మరొక సలహా. అదే సంస్థ 1999లో విడుదల చేసిన ఫారో అనే గేమ్ మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అందులో పంట నైలు నది వరద మీద ఆధారపడి ఉంటుంది. ప్రతి ఏడాది నది పొంగి, పొలాలను ముంచి, ఒండ్రు వదిలి వెనక్కి పోతుంది. పొంగు మళ్లీ రాకముందే కోత పూర్తి కావాలి, ఈసారి పొంగు చాలినంత వస్తుందో రాదో ముందుగా అంచనా వేసుకోవాలి, తక్కువగా వచ్చిన ఏడాదిని గాదెలోని పాత ధాన్యంతో గట్టెక్కాలి. మా ఊళ్లో మత్తడి దుంకిన రోజు ఊరు ఊరంతా కట్ట మీదికి పోయేది. ఫారోలో వరద నీరు పొలాల మీదికి పాకుతున్నప్పుడు నాకు ప్రతిసారీ ఆ రోజే గుర్తుకు వస్తుంది. ఈ గేమ్‌ను కొత్త బొమ్మలతో తిరిగి తయారుచేసి 2023లో విడుదల చేశారు, కాబట్టి ఇప్పటి కంప్యూటర్లలో ఇబ్బంది లేకుండా ఆడవచ్చు. సీజర్ 3కి కూడా ఆగస్టస్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఒకటి ఉంది. అసలు గేమ్ ఫైళ్లు మీ దగ్గర ఉంటే దానితో పెద్ద స్క్రీను మీద స్పష్టంగా నడుస్తుంది. అంగడి ఆమె అక్కరలేని వీధిలోకి మళ్లకుండా దారికి అడ్డు పెట్టే ఏర్పాటు కూడా అందులో చేర్చారు.

ప్రశ్న: మా నాన్న పత్తి మార్కెట్‌లో అడ్తి వ్యాపారం చేస్తారు, నేను బీకాం చదువుతున్నాను. ఓడల మీద సరుకులు నడిపే గేమ్‌లు ఆడితే వ్యాపారం అర్థమవుతుందని మా అన్న అంటాడు. స్క్రీను మీద చేసే బేరం బేరమే కాదని మా నాన్న అంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? (ఒక పాఠకురాలు, జమ్మికుంట)

జవాబు: అమ్మా, ముందుగా మీ అన్నయ్య పక్షాన మాట్లాడతాను. జర్మనీలో తయారైన ప్యాట్రిషన్ అనే గేమ్‌ల వరుస 1992లో మొదలైంది. మధ్యయుగంలో ఉత్తర ఐరోపా ఓడరేవుల వర్తకులు కలిసి ఏర్పరచుకున్న హన్సా కూటమి అందులోని ప్రపంచం. లూబెక్, బెర్గెన్, నోవ్‌గొరోడ్, బ్రూజ్, లండన్ వంటి పట్టణాల మధ్య ఒక చిన్న ఓడతో మీరు బయలుదేరుతారు. లూబెక్ ఎందుకు పెద్దదైందో ఆ రోజుల చరిత్ర చూస్తే తెలుస్తుంది. దానికి దక్షిణాన ఉన్న లూనెబర్గ్‌లో ఉప్పు దొరికేది, ఉత్తరాన స్కానియా తీరంలో హెర్రింగ్ చేపలు విస్తారంగా పడేవి. ఉప్పు లేనిదే చేప నిలవ ఉండదు, నిలవ లేనిదే అది దూరం పోదు. ఉప్పునూ చేపనూ కలిపిన దారి మీద లూబెక్ కూర్చుంది. గేమ్‌లో ఇటువంటి దారులను మనమే వెతుక్కోవాలి. ఒక ఊళ్లో చవకగా ఉన్న సరుకును మరొక ఊళ్లో ఒక్కసారిగా దింపితే, దింపుతుండగానే అక్కడ ధర పడిపోతుంది. సగం అమ్మి, మిగతా సగాన్ని పక్క రేవుకు తీసుకుపోవడం లాభమా, లేక అక్కడే గిడ్డంగిలో ఉంచడం లాభమా అని ఆగి ఆలోచించవలసి వస్తుంది. సరుకుకు తనదంటూ ఒక ధర ఉండదని, చోటును బట్టి, వేళను బట్టి, అప్పటికే అక్కడికి చేరిన రాశిని బట్టి ధర ఏర్పడుతుందని పుస్తకంలో చదవడం వేరు, ఓడ నిండా ధాన్యంతో రేవులో నిలబడి తెలుసుకోవడం వేరు. దీపావళి దాటాక పత్తి ఒక్క వాన మాదిరిగా యార్డుకు వచ్చి పడినప్పుడు జరిగేది కూడా ఇదే.

ఆనో అనే మరొక వరుసది ఇంకో పద్ధతి. 1998లో ఆస్ట్రియాకు చెందిన మాక్స్ డిజైన్ సంస్థ ఆనో 1602తో దానిని మొదలుపెట్టింది. అప్పటి నుండి 1503, 1701, 1404, 1800, ఇటీవల 2025లో రోమన్ల కాలానికి వెళ్లిన 117 వరకు ప్రతి గేమ్ పేరులోని ఏడాది అంకెలను కూడితే 9 వస్తుంది, తయారుచేసేవారు ఆ ఆచారాన్ని ఇప్పటికీ తప్పలేదు. ఇందులో నగరాలు దీవుల మీద ఉంటాయి, ఏ దీవిలోనూ అన్ని పంటలూ పండవు. 2019లో వచ్చిన ఆనో 1800లో బొచ్చు కోటు ఒకటి తయారు కావాలంటే జంతువుల బొచ్చు పాత ప్రపంచంలో దొరుకుతుంది, దానికి కావలసిన నూలు గుడ్డకు మాత్రం సముద్రానికి అవతల కొత్త ప్రపంచంలో పత్తి వేసి, అక్కడే మిల్లు పెట్టి, ఓడ మీద తెప్పించుకోవాలి. ఓడ ఆలస్యమైతే ఇక్కడ కోటులు కుట్టే కొట్టం మూతపడుతుంది, కోటు దొరకని జనం అసంతృప్తితో ఉంటారు. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు వెలిగిన కాలాన్నీ, అది మూతపడిన తరువాతి కాలాన్నీ చూసిన పెద్దలకు, ఒక మిల్లు వెనుక ఎన్ని ఊళ్ల పత్తి చేనులు ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు.

ఇక మీ నాన్నగారి మాట. అది ఇంతకంటే బరువైనది. ఈ గేమ్‌లలో పత్తి అంటే ఒకటే పత్తి. ఏ బేలు చూసినా ఒకటే. మీ నాన్నగారు మాత్రం బస్తాలో చెయ్యి పెట్టి, పింజ లాగి, తేమ ఎంత ఉందో, గింజ ఎలా ఉందో చూసి ధర చెబుతారు. అక్కడ తూకం వేసే దడ్వాయి మీద నమ్మకం ఉండాలి, రైతుకు విత్తనాలప్పుడు ఇచ్చిన డబ్బు లెక్క ఉండాలి, ఒకరి మాట మీద మరొకరు వదిలిపెట్టిన బాకీ ఉండాలి. మన ఉత్తర తెలంగాణలోనే, నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో తయారైన ఉక్కు కత్తుల తయారీకి పేరు పొందింది. దాని కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుండి స్వయంగా వచ్చి, అక్కడే ఉండి, సరుకును చూసి కొనుక్కొని వెళ్లేవారని 19వ శతాబ్దపు తొలినాళ్ల వర్ణనలు చెబుతాయి. వర్తకుడు అలా కదిలి రావడానికి కారణం నాణ్యత. నాణ్యతను గుర్తుపట్టే కన్నును ఈ గేమ్‌లు అడగవు.

ఇంకొక లోపం కూడా ఉంది, దానిని నేను చిన్నదిగా చూడలేను. 19వ శతాబ్దంలో సముద్రాల మీద నడిచిన పత్తి, చక్కెర వెనుక ఆఫ్రికా నుండి పట్టి తెచ్చిన బానిసల చెమట ఉంది. ఆనో 1800లో తోటలు ఉన్నాయి, ఓడలు ఉన్నాయి, బానిసత్వం మాత్రం లేదు. ఆటను అందరూ హాయిగా ఆడుకోవాలన్న ఆలోచన అందుకు కారణం కావచ్చు. అయినా ఆ కాలపు సరుకు ఎలా కదిలిందో చూపుతున్నామని చెప్పే గేమ్‌లో, దానిని ఎత్తి మోసినవారి కథ లేకపోవడం చరిత్రను తేలిక చేయడమే. మీరు ఈ గేమ్‌లు తప్పక ఆడండి. ఆడిన సాయంత్రమే యార్డులో జరిగిన ఒక్క బేరాన్ని మొదటి నుండి చివరి వరకు చెప్పమని మీ నాన్నగారిని అడగండి.

ప్రశ్న: మా బాబు పదో తరగతి. నగరాలు కట్టే గేమ్ ఆడుతూ "ఒక్క నిమిషం అమ్మా" అంటాడు, గంట దాటుతుంది. మాన్పించాలా? (ఒక తల్లి, జగిత్యాల)

జవాబు: మాన్పించనక్కరలేదు, ఆపే చోటును ముందుగా నిర్ణయించాలి. ఈ గేమ్‌లలో పనులు ఒకే సారి పూర్తి కావు. గుడి కట్టడం ముగిసే వేళకు ఓడ తిరిగి వస్తుంటుంది, ఓడ చేరే వేళకు పంట కోతకు వస్తుంది, అందువల్ల సహజంగా లేచిపోయే ఘడియ ఎప్పుడూ రాదు. మీ అబ్బాయి అబద్ధం ఆడడం లేదు, వాడికి నిజంగానే ఒక్క నిమిషం అనిపిస్తుంది. ఈ తరహా గేమ్‌లను ఎక్కడ ఆపినా అక్కడి నుండే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు గనుక, గేమ్‌లో ఒక ఏడాది ముగియగానే భద్రపరచి లేవాలని ఒప్పందం చేసుకోండి. లేచేటప్పుడు రేపు చేయవలసిన పనిని ఒక చీటీ మీద రాసి పెట్టుకుంటే మనసు అక్కడే చిక్కుకొని ఉండదు. పరీక్షల నెలలో మాత్రం పూర్తిగా పక్కన పెట్టించండి.

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ విద్యార్థిని. రోము, ఈజిప్టు, ఐరోపా రేవులు అన్నీ గేమ్‌లయ్యాయి. ఓరుగల్లును కట్టే గేమ్ ఒకటి చేయాలని నాకూ నా స్నేహితులకూ కోరిక. అందులో ఏమి ఉండాలి? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఈ విషయంలో నాకు బలమైన అభిప్రాయాలు ఉన్నాయి, కాస్త ఓపికతో చదువు.

మొదటి కష్టం బొమ్మ దగ్గరే వస్తుంది. ఇటువంటి గేమ్‌లు ఎక్కువగా చతురస్రపు గళ్ల మీద నడుస్తాయి, రోడ్లు మూలమట్టంగా మలుపు తిరుగుతాయి. గళ్ల మీద రోమన్ పట్టణం చక్కగా కూర్చుంటుంది. మన కోట గుండ్రనిది. బయట మట్టి కోట, లోపల కందకంతో రాతి కోట, నాలుగు దిక్కులా ద్వారాలు, నడిమధ్యలో స్వయంభూ శివాలయం, దాని చుట్టూ నాలుగు తోరణాలు. నడుమ నుండి బయటికి వలయాలుగా పెరిగే నగరాన్ని గళ్లలో ఇరికిస్తే అది ఓరుగల్లు కాదు. కాబట్టి నేలను గళ్లుగా కాక, వలయాలుగా, దిక్కులుగా పంచే పద్ధతిని మొదటి రోజే ఆలోచించండి.

అంతకంటే ముఖ్యమైనది, ఎవరు కడతారు అన్నది. సీజర్ 3లో ఆజ్ఞ మనదే, డబ్బు మనదే, ప్రతి బావి మన చేతి మీదుగానే వస్తుంది. కాకతీయ రాజ్యం అలా నడవలేదు. రామప్ప గుడిని 1213లో ప్రతిష్ఠించినది గణపతిదేవుడు కాదు, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు. చెరువులను రాజులే కాక సామంతులూ, అధికారులూ, ఇతరులూ తవ్వించారు. సొంత ఖర్చుతో చెరువు తవ్వించిన వారికి దాని కింద పండే దానిలో పదో వంతు హక్కు దక్కే దశబంధం అనే ఏర్పాటు ఉండేది. ఇది గేమ్‌కు ఎంత గొప్ప ఊపిరి ఇస్తుందో చూడు. ఆడేవాడు చెరువు కట్టడు, చెరువు కట్టాలన్న కోరిక ఇతరులకు పుట్టేలా చేస్తాడు. పదో వంతు ఇస్తే ఎవరు ముందుకు వస్తారు, ఎక్కువ ఆశ చూపితే ఖజానాకు ఏమి మిగులుతుంది, వచ్చినవాడు రెండు గుట్టల మధ్య సరైన చోటు ఎంచుకున్నాడా లేదా, ఇవే ఆటలోని ఎత్తులు. గుట్టల మధ్య సందును కట్టతో మూసి వాగును ఆపడం అన్నది పాకాల, లక్నవరం వెళ్లి చూస్తే కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మీ బృందం అంతా ఒకసారి అక్కడికి వెళ్లి రావాలి.

ఇక వర్తకం. సముద్రపు రేవు మోటుపల్లిలోని 1244 నాటి అభయ శాసనాన్ని మీ గేమ్‌కు గుండెకాయగా పెట్టుకోమని నా సలహా. అంతకు ముందటి రాజులు, తుపానులో దెబ్బతిని తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసేసుకునేవారని ఆ శాసనమే చెబుతుంది. ప్రాణం కంటే ధనాన్ని మిన్నగా భావించి సముద్రం మీద సాహసం చేసిన వర్తకుల దగ్గర, దయతో, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు అందులో అభయం ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, పగడాలు, మిరియాలు, దంతం వంటి సరుకుల పేర్లు కూడా ఆ శాసనంలో ఉన్నాయి. సుమారు యాభై ఏళ్ల తరువాత ఆ తీరాన్ని వర్ణించిన మార్కో పోలో అక్కడి సన్నని నేతను సాలెగూడుతో పోల్చాడు.

ఇప్పుడు ఆలోచించు. ఒక తుపాను రాత్రి విలువైన ఓడ ఒకటి నీ రేవు దగ్గర ఒడ్డుకు కొట్టుకు వచ్చింది. ఖజానా ఖాళీగా ఉంది, కోట గోడ సగంలో ఆగి ఉంది. ఆ సరుకును తీసుకుంటే రాతి గోడ ఈ ఏడాదే పూర్తవుతుంది. తీసుకోకపోతే కనిపించే లాభం ఏదీ లేదు, ఎప్పుడో రాబోయే ఓడలు తప్ప. ప్యాట్రిషన్‌లో గానీ ఆనోలో గానీ తూకం వేయవలసినది ధర, దూరం. ఓరుగల్లులో తూకం వేయవలసినది మాట. వర్తకులకు మీ మీద ఉన్న నమ్మకం అనే లెక్కను స్క్రీను మీద అంకెగా చూపించకండి. ఓడలు రావడం, రాకపోవడం ద్వారానే అది ఆడేవాడికి తెలియాలి. ఓరుగల్లు సముద్రానికి ఎంతో దూరంలో ఉంది గనుక, రేవులో ఇచ్చిన మాట ఫలితం రాజధాని అంగడిలో ఎంతో ఆలస్యంగా కనిపిస్తుంది. ఆ ఆలస్యాన్ని తగ్గించకండి, ఆట రుచి అంతా దానిలోనే ఉంటుంది.

1323లో ఢిల్లీ సైన్యం కోటను పట్టుకోవడాన్ని ఓటమిగా చూపి ముగించవద్దని కూడా కోరుతున్నాను. ఆ తరువాత కూడా చెరువుల కింద పంటలు పండుతూనే ఉన్నాయి. రాజ్యం పోయాక ఏ చెరువు కట్ట నిలిచింది, ఏ ఊరు దానిని బాగుచేసుకుంది అన్నదే చివరి లెక్కగా ఉండవచ్చు.

పని ఎలా మొదలుపెట్టాలని నీవు ఉత్తరం చివర అడిగావు. ఉచితంగా దొరికే అన్‌నోన్ హొరైజన్స్, వైడ్‌ల్యాండ్స్ అనే రెండు గేమ్‌ల లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంది. మొదటిది ఆనో పద్ధతిని, రెండవది సెట్లర్స్ అనే 1990ల నాటి గేమ్ పద్ధతిని అనుసరించినవి. సరుకు ఒక కొట్టం నుండి మరొక కొట్టానికి ఎలా నడుస్తుందో వాటిలో చదివి నేర్చుకోవచ్చు. అయితే కోడ్ రాయడానికి ముందు కాగితం మీద ఆడి చూడండి. కోట వద్దు, రేవు వద్దు. ఒక వాగు, దాని మీద మూడు చెరువులు, ఒక్కొక్క దానికి ఒక కట్ట, ఒక తూము, ఒక మత్తడి, కింద పది మళ్లు గీయండి. నీళ్లకు బదులు చింతగింజలు పెట్టండి. వానకాలంలో ఎన్ని గింజలు వాడితే యాసంగికి ఎన్ని మిగులుతాయో నలుగురు స్నేహితులు నాలుగు ఊళ్లవారిగా కూర్చొని పంచుకోండి. పై ఊరివాడు తూము ఎత్తినప్పుడు కింది ఊరివాడికి కోపం రావాలి. రాకపోతే లెక్కలు సరిచేసి మళ్లీ ఆడండి. తూము ఎంత ఎత్తులో ఉండాలి, మత్తడి ఎక్కడ పెట్టాలి, కట్ట మొదట ఎక్కడ తెగుతుంది అనే సందేహాలు మీకు తప్పకుండా వస్తాయి. ఈ శీర్షికలో మొదటి ఉత్తరం రాసిన పరకాల పెద్దాయన అంగీకరిస్తే ఆ సందేహాలను వారికి చేరవేస్తాము, రాసి మాకు పంపించండి.